రేసుకారు ఎక్కిన ఇల్లాలు

ఆ ఉదయం సీట్ల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. కొట్టు షట్టరు సగం ఎత్తి భార్యను లోపలికి తీసుకెళ్లాలి. ఎర్ర కారులో కూర్చోబెట్టాలి. ముచ్చట తీరాక దింపి, టీ తాగించి ఇంటికి పంపేయాలి. ఆ తర్వాత పాతకార్ల ప్రదర్శనశాల వాళ్లు లారీతో వచ్చి కారును పట్టుకెళ్లిపోతారు. మూడో కంటికి తెలియదు.

ఆ కారు సామాన్యమైనది కాదు. ఒకప్పుడు కొండదారి పందెంలో తనకంటే పెద్ద బండ్లన్నిటినీ వెనక్కి నెట్టి గెలిచింది. పందేలు మానేశాక సినిమాల్లో చేరింది. పైకప్పు లేదు, ఉన్నవి రెండే సీట్లు, ముక్కు మాత్రం బారెడు. అది నటించిన ఒక సినిమా చివర్లో హీరో చేతికి దెబ్బ తగిలితే, తెల్ల స్కార్ఫు, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న హీరోయిన్ స్టీరింగ్ అందుకుని పందెం గెలిపిస్తుంది. మేస్త్రి భార్య పెళ్లికి ముందు ఆ సినిమా ఎన్నిసార్లు చూసిందో ఆవిడకే గుర్తులేదు. పెళ్లయిన కొత్తలో ఆ కథ చెబుతుంటే ఆవిడ కళ్లు మెరవడం చూసి, మేస్త్రి ఆ హీరో మీద లోలోపల కాస్త కక్ష పెంచుకున్నాడు. అది ఇన్నేళ్లయినా పూర్తిగా చల్లారలేదు.

అయినా సీట్లు కుట్టడానికి ఆ కారే తన కొట్టుకి వచ్చేసరికి కక్ష పక్కన పెట్టాడు. కారణం ఉంది. ఆవిడకి ఈమధ్యే కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఎండలో తిరగొద్దు, పొయ్యి దగ్గరికి వెళ్లొద్దు అని డాక్టరు చెప్పడంతో రోజంతా గోడకేసి చూస్తూ కూర్చుంటోంది. గలగలా మాట్లాడే మనిషి ఊఁ, ఉహుఁలతో సరిపెడుతోంది. మేస్త్రి ఆవిడ మాటల్ని ఎన్నడూ పూర్తిగా విన్న పాపాన పోలేదు గానీ, అవి ఆగిపోయేసరికి ఇల్లు ఇల్లులా లేదు. అప్పగించేదాకా ఎవరూ కారులో కూర్చోకూడదని ప్రదర్శనశాల వాళ్లు ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లారు. మేస్త్రి అలాగేనన్నాడు. భార్య ‘ఎవరూ’ కిందికి రాదని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఎక్కడికని చెప్పకుండా బయల్దేరదీశాడు. ఆవిడ డాక్టరు ఇచ్చిన నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, పొద్దుటి చలిగాలి చెవుల్లో దూరకుండా తలకి తెల్ల స్కార్ఫు చుట్టుకుని వచ్చింది. కొట్లో కారు మీది దుప్పటి తీయగానే, నిద్రపోతున్న పసిపిల్లను తాకినట్టు దాని ముక్కు మీద చెయ్యి వేసింది.

“కూర్చుంటావా?” అన్నాడు మేస్త్రి.

“విరగదు కదా?” అందావిడ. కానీ అప్పటికే స్టీరింగ్ లేనివైపు తలుపు తీసింది.

కూర్చోవడం తేలికైంది. ఆ సీటు నేలకి జానెడెత్తున ఉంటుంది, మనిషి తనంతట తనే లోపలికి జారిపోతుంది. దిగడమే కుదరలేదు. మోకాళ్లు గడ్డం దగ్గరికొచ్చాయి, చేతులకి పట్టు దొరకలేదు. మేస్త్రి ముందు నుంచి లాగాడు, వెనక నుంచి నెట్టాడు, సీటు కిందికి బల్ల దూర్చబోయి తను కుట్టిన తోలు చిరుగుతుందని మానుకున్నాడు. ఆవిడకి నవ్వాగలేదు. నవ్వితే ఇంకా కిందికి జారుతోంది.

సరిగ్గా అప్పుడే షట్టరు పూర్తిగా లేచింది. గుమ్మంలో ప్రదర్శనశాల మేనేజరు నిలబడి ఉన్నాడు. చెప్పిన వేళకంటే ముందే వచ్చాడు. మేస్త్రి తేలు కుట్టిన దొంగలా బల్లను వీపు వెనక దాచుకున్నాడు.

మేనేజరు ఆ ఉద్యోగానికి కొత్త. ఆ పూట పాత కార్ల ఊరేగింపు ఉంది. అందులో ఈ ఎర్ర కారు పక్కసీట్లో, సినిమాలో నటించిన ఆవిడే ముఖ్య అతిథిగా కూర్చుని రావాలి. ఆ నటిని అతను తెర మీద తప్ప చూసి ఎరగడు. ఇప్పుడు కారులో తెల్ల స్కార్ఫు, నల్ల కళ్లద్దాలు, నవ్వుతున్న ముఖం కనిపించేసరికి రెండు చేతులూ జోడించేశాడు.

“అమ్మా, మీరే ముందుగా వచ్చేశారా? స్టేషనుకి మా డ్రైవర్ని పంపానే.”

మేస్త్రి భార్య భర్తవైపు చూసింది. నిజం చెబితే మాట తప్పిన సంగతి బయటపడుతుంది, ఆ పెద్ద ప్రదర్శనశాల పని మళ్లీ ఈ గడప తొక్కదు. అందుకని ఆవిడ తల ఊపీ ఊపనట్టు ఊపింది. మేనేజరు మేస్త్రివైపు తిరిగాడు. కొట్టుకి కారు అప్పగించినప్పుడు వచ్చింది వేరే మనుషులు కావడంతో మేస్త్రి ఎవరో కూడా అతనికి తెలియదు.

“మీరు?”

“నేను ఆవిడ మనిషినండి,” అన్నాడు మేస్త్రి. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

“డ్రైవరన్నమాట. మంచిది,” అన్నాడు మేనేజరు.

అక్కడి నుంచి వ్యవహారం మేస్త్రి చేతుల్లో లేదు. అమ్మగారు ఇంత హాయిగా కూర్చున్నాక లేపి, కారును లారీ ఎక్కించడం బాగుండదని మేనేజరు లారీని పంపేశాడు. స్టేషనుకి వెళ్లిన డ్రైవరుకి ఫోన్ చేసి, అమ్మగారు వచ్చేశారు, నువ్వు నేరుగా మైదానానికి వచ్చెయ్యి అన్నాడు. అసలు నటి దిగే రైలు ఇంకా రానే లేదు. ఆవిడను తీసుకొచ్చే దిక్కు ఇక లేకుండా పోయిందని అక్కడ ఎవరికీ తోచలేదు. తోచిన ఒక్కడూ తాళంచెవి పట్టుకుని స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నాడు.

మేస్త్రి జీవితమంతా ఖాతాదారుల కార్లను కొట్లోకి, కొట్లోంచి బయటికి నడిపాడు. రెండో గేరు మీది గేర్లు ఉంటాయని విన్నాడే గానీ వాడే అవసరం రాలేదు. ఇంజను తిరగగానే వీధిలో కిటికీలు గజగజమన్నాయి, మేస్త్రి స్టీరింగ్‌ను కరుచుకుపోయాడు. పక్కసీట్లో భార్య మాత్రం స్కార్ఫు ముడి బిగించుకుని, ముందుకు చూస్తూ నిటారుగా కూర్చుంది.

ఊరేగింపులో వాళ్లది చివరి కారు. ముందు పాతకాలం బండ్లు ఒకదాని వెనక ఒకటి, తాతలు తోటలో నడిచినట్టు పోతున్నాయి. రోడ్డుకి రెండు పక్కలా జనం. వంతెన దగ్గర బండ్లు ఆగినప్పుడు ఎవరో చీటీ, పెన్ను చాపితే ఆవిడ తన సంతకమే పెట్టి ఇచ్చింది. ఆవిడ సంతకం పెళ్లినాటి నుంచీ మేస్త్రే చదవలేకపోయాడు, ఇక పరాయివాళ్లెక్కడ చదువుతారు?

“ఒక్క మాట అడగనా?” అన్నాడు మేస్త్రి, ఎలాగూ మునిగాం కదా అనుకుని. “ఆ హీరో అంటే నీకు అంత ఇష్టమా?”

“ఏ హీరో?”

“ఈ సినిమాలో వాడే. చేతికి కట్టు కట్టుకుని పక్కన కూర్చున్నవాడు.”

ఆవిడ కళ్లద్దాలు కాస్త కిందికి దించి భర్తను ఎగాదిగా చూసింది. “వాడి మొహం నాకు గుర్తే లేదండీ. నేను చూసింది కారుని. ఇలాంటి దాంట్లో ఒక్కసారి గాలి మొహానికి కొట్టేలా వెళ్తే చాలనుకునేదాన్ని.”

మేస్త్రి ఇన్నేళ్లు ఆ హీరో మీద దండగగా మండిపడ్డాడన్నమాట. మనసు ఒక్కసారిగా ఎంత తేలికైందంటే, ఎదురుగా ఉన్న వేడి మీటరు ముల్లు ఎర్రగీతవైపు పాకుతున్న సంగతి గమనించలేదు. భార్యే చూసింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి కూడా లేస్తోంది.

“వేడెక్కిపోతోంది. ఇది నడవడానికి పుట్టిన బండి కాదు, గాలి తగలకపోతే ఉడికిపోతుంది,” అందావిడ. “కాస్త పోనివ్వండి.”

“ముందు అన్ని బండ్లున్నాయి కదే.”

“దాటి పోనివ్వండి.”

మేస్త్రి మూడో గేరు వేశాడు. కారు ఇన్నేళ్లుగా ఆ మాట కోసమే కాచుకున్నట్టు ముందుకు దూకింది. మొదటి బండిని దాటితే దాని యజమాని, ఒక నెమ్మదైన పళ్ల డాక్టరు, ఎర్రబడ్డ మొహంతో హారన్ కొట్టి తనూ వేగం పెంచాడు. రెండోదాన్ని దాటితే రెండోవాడికీ పౌరుషం వచ్చింది. మైదానం మలుపు తిరిగేసరికి ఊరేగింపు కాస్తా పందెమైంది. మైకు పట్టుకున్నాయన చదవాల్సిన స్వాగతపత్రం పక్కన పారేసి, గొంతు చించుకుని ఎవరు ముందో, ఎవరు వెనకో చెప్పసాగాడు. ముల్లు ఎర్రగీత నుంచి బుద్ధిగా వెనక్కి వచ్చింది. ఆవిడ స్కార్ఫు గాల్లో రెపరెపలాడుతోంది. ఆవిడ మాట్లాడుతోంది, ఆపకుండా, ఏం మాట్లాడుతోందో ఇంజను హోరులో ఒక్క ముక్క వినిపించడం లేదు. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది.

మైదానంలో ఊరేగింపు ఆగాల్సిన సున్నపు గీతను ఎర్ర కారే ముందు దాటింది. జనం చప్పట్లు కొడుతూ చుట్టుముట్టారు. ఆ జనాన్ని తప్పించుకుంటూ ఒక టాక్సీ వచ్చి ఆగింది. దాంట్లోంచి తెల్ల స్కార్ఫు, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఇంకొకావిడ, చేతిలో సంచితో, కర్ర ఊతంగా దిగింది. మేనేజరు ఈవిడను చూశాడు, ఆవిడను చూశాడు. అతని మొహంలో రంగులన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చి వెళ్లాయి.

మేస్త్రి ఇంజను ఆపి కిందికి దిగాడు. “తప్పు నాదేనండి,” అన్నాడు. “ఆవిడ మా ఆవిడ. నేను సీట్లు కుట్టిన మేస్త్రిని. ఒక్క నిమిషం కూర్చోబెడదామనుకున్నాను, దిగలేకపోయింది. ఏమన్నా అనదలిస్తే నన్నే అనండి.”

మేనేజరుకి అనడానికి చాలానే ఉంది. కానీ నటి చెయ్యెత్తి అతన్ని ఆపి, కారు దగ్గరికి వచ్చి, లోపలున్న ఆవిడవైపు వంగింది.

“భయం వేయలేదా?” అని మెల్లగా అడిగింది.

“లేదండి. మీరు నడిపినట్టే ఉంది,” అంది మేస్త్రి భార్య.

నటి గొంతు ఇంకా తగ్గించింది. “నేనెక్కడ నడిపానమ్మా. దగ్గరి షాట్లలో జీపుకి తాడు కట్టి లాగారు. దూరం షాట్లలో నా స్కార్ఫు చుట్టుకుని ఒక మీసాలాయన నడిపాడు. నాకు ఈ కారంటే అప్పుడూ హడలే, ఇప్పుడూ హడలే. స్టేషనుకి ఎవరూ రాకపోయేసరికి, బతికించారురా అనుకుని బెంచీ మీద కాసేపు కూర్చున్నాను. నా బదులు మీరు ఎక్కారు. మీ మేలు మరిచిపోను.” అని ఆవిడ చేతిని రెండు చేతులా పట్టుకుంది. మేస్త్రి భార్య ఆ చేతిని వదల్లేదు. ఇద్దరూ ఏవో చిన్నగా చెప్పుకుని, బడిపిల్లల్లా నవ్వుకున్నారు.

ముఖ్య అతిథే అలా అన్నాక మేనేజరు కోపానికి నిలువనీడ లేకపోయింది. మిగిలింది ఆవిడను దింపడం. ఎవరెంత లాగినా పని జరగలేదు. చివరికి మేస్త్రి రెంచీ అడిగి తెచ్చుకుని, సీటు కింద బోల్టులు విప్పాడు. నలుగురు మగాళ్లు సీటుతో సహా ఆవిడను పైకెత్తి నేల మీదికి దింపారు. గెలిచినవాళ్లను గౌరవించే పద్ధతి ఇదేననుకుని జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీసేవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఇంటికి వెళ్తున్నంతసేపూ ఆవిడ నోరు మూతపడలేదు. మేస్త్రి ఒక్క మాట కూడా వదలకుండా విన్నాడు.

మర్నాడు పేపర్లో మేస్త్రి భార్య సీటులో గాల్లో ఉన్న ఫొటో పెద్దగా పడింది, కింద నటి పేరు వేశారు. తప్పు సరిదిద్దమని పేపరుకి ఫోన్ చేయనా అని మేనేజరు అడిగితే, అక్కర్లేదు, ఈమధ్య తీసిన వాటన్నిటిలో తను బాగా పడింది ఇందులోనే అని నటి అందట.