కుర్చీ మీది కోటు

ఆ ఉదయం నూకరాజు పెట్టుకున్న నియమం ఒక్కటే: మధ్యాహ్నం నిద్రపోకూడదు. యానాం నుంచి పుదుచ్చేరికి వచ్చి రోడ్లు, గట్ల పనులు చూసే సర్కారు కచేరీలో ఏడాదిన్నరగా తాత్కాలిక గుమాస్తాగా ఉన్న అతన్ని ఖాయం చేసే కాగితం ఆ రోజే అధికారి బల్ల మీదికి వస్తోంది. సంతకం పడకపోతే నెలాఖరుకు తట్టాబుట్టా సర్దుకోవాలి.

"అన్నం సగమే పెట్టు. కడుపు నిండితే కళ్ళు మూసుకుపోతాయి," అన్నాడు భార్య నాగకుమారితో.

"మజ్జిగ కూడా వద్దేటండి?"

"అదే అసలు శత్రువు."

"ఇయ్యాలొక్కరోజు కునికిపాట్లు పడకండి, మీకు పుణ్యముంటది. వచ్చేటప్పుడు ఖాయమయ్యి రండి," అంటూ ఆమె కోటు అందించింది.

ఫ్రెంచివారి హయాంలో యానాంలోనైనా ఇక్కడైనా కచేరీ పన్నెండుకు తలుపులు మూసి మూడింటికి తెరిచేది. ఆ నడుమ కాలం భోజనానిది, నిద్రది. పాలన చేతులు మారి రెండేళ్ళయింది. ఇప్పుడు పని పది నుంచి అయిదు వరకు, మధ్యలో విరామం అరగంట. కొత్త జెండాకు నూకరాజు మనస్ఫూర్తిగానే వందనం చేశాడు. అతని కనురెప్పలకు మాత్రం ఆ వార్త ఇంకా అందలేదు.

ఒంటిగంట కావస్తుండగా అతని కలం కాగితం మీద తనంతట తాను ఒక గీత గీసి, అంచు దాటి బల్ల మీదికి వెళ్ళింది. పక్క బల్ల రంగరాజన్ అది చూశాడు. మూడు తరాలుగా ఈ ఊళ్ళోనే స్థిరపడిన తెలుగువాడు.

"నూకరాజన్నా, ఇట్ల తూగితే సారు కంట్లో పడతావు. మేడ మీద పాత కాగితాల గది ఉండాది. పది నిమిషాలు పండుకోని రా."

"సారు అడిగితేనో?"

"కోటు యీడ పెట్టిపో. కోటు కుర్చీ మీద ఉంటే మనిషి ఉన్నట్టే గదా."

అది ఆ కచేరీలో నలభై ఏళ్ళ ఆచారం. నూకరాజు కోటును కుర్చీకి తొడిగి, మేడ ఎక్కి కాగితాల కట్టలమీద మేను వాల్చాడు.

ఎంతసేపు గడిచిందో, కింది నుంచి వచ్చిన గొంతుకు మెలకువ వచ్చింది. మేడ నేల చెక్కలది. ప్రతి మాటా పైకి వినిపిస్తుంది. ఆ గొంతు అధికారి పట్టాభిరామన్‌ది. మద్రాసు నుంచి వచ్చిన మనిషి. మంచివాడు, విన్నదల్లా జేబు పుస్తకంలో రాసుకుంటాడు.

"నూకరాజు ఏడీ? ఖాయం కాగితం మీద అతని సంతకం కావాలి."

"సోలై నగర్ పోయినాడు సార్," అన్నాడు రంగరాజన్. "గట్టు కొలత చూడను."

నూకరాజు లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఉన్నది ఒకే మెట్ల వరుస; అది అధికారి గది ఎదురుగానే దిగుతుంది. సోలై నగర్‌లో ఉన్న మనిషి మేడ మెట్ల మీంచి ఎలా వస్తాడు?

కాసేపటికి అధికారి మళ్ళీ వచ్చాడు. ఈసారి జవాబు అప్పుడే చేతులు కడుక్కుని వచ్చిన టైపిస్టు పురుషోత్తమన్‌ది. "విల్లియనూరు పోయినాడు సార్, రోడ్డు పనికి."

"సోలై నగర్ అన్నారే?"

"అది ముగించేసి ఇది, సార్! పనంటే ప్రాణం ఆయనకు."

అప్పుడే నీళ్ళకుండతో వచ్చిన లీలమ్మ తన వంతు సాయం తానూ చేసింది. "నూకరాజయ్యనా? లాస్‌పేటకి పోయిండాడయ్యా, కాగితం ఇయ్యను."

పుస్తకం మూసిన చప్పుడు నూకరాజుకు స్పష్టంగా వినిపించింది.

"ఒక్క మధ్యాహ్నం మూడు ఊళ్ళా? ఈ ఎండలో, కోటైనా వేసుకోకుండా! ఒక మనిషి నెత్తిన ఇంత పని పెట్టి మనం నీడలో కూర్చున్నామా? జీపు పంపండి!"

జీపు మూడు చోట్లకూ వెళ్ళి ఖాళీగా తిరిగి వచ్చింది. ఎవరూ అతన్ని చూడలేదట. దారిలో సొమ్మసిల్లి ఉంటాడని అధికారి తేల్చాడు. ఆసుపత్రిలో మంచం సిద్ధం చేయించాడు, ఇంటికి కబురు పంపాడు. నిజం చెప్పే అవకాశం రంగరాజన్‌కు మొదట్లోనే ఉంది. కానీ జీపు అన్ని మైళ్ళు తిరిగాక నిజం చెప్పడానికి కావలసిన ధైర్యం కూడా అన్ని మైళ్ళు పెరిగింది. పైన నూకరాజు పరిస్థితీ అదే. దిగితే ఉద్యోగం పోతుంది. దిగకపోతే తాను పోయినట్టు తేలుతుంది.

అంతలో నాగకుమారి గొంతు వినబడింది. "సగం అన్నమే తిన్నారండీ! మజ్జిగ కూడా ముట్టలేదండీ! ఆ ఖాయం మాకొద్దండి బాబూ, మనిషిని తెచ్చిపెట్టండి!"

నూకరాజు దిగాడు. చొక్కా నిండా దుమ్ము, చెంప మీద కట్టదారం అచ్చు.

"నేనెక్కడికీ వెళ్ళలేదండి. పైన నిద్రపోయానండి. ఆ తరవాత అంతా విన్నానండి. దిగడానికి ధైర్యం చాలలేదు."

నాగకుమారి ఏడుపు ఆపి, అతన్ని ఎగాదిగా చూసి, "ఇంటికి రండి, చెప్తాను," అంది.

పట్టాభిరామన్ పుస్తకం తెరిచి మూడు ఊళ్ళ పేర్లూ ఒక్కొక్కటే కొట్టేశాడు. లీలమ్మ కుండ దించి ముందుకొచ్చింది.

"కోపం పడొద్దయ్యా. ఒంటిగంటైతే మీరుగూడా నా కుండ కాడ నాలుగు మాట్లు మొగం కడుగుతారు గదా. ఎందుకు కడుగుతారో నాకు తెలీదా?"

అధికారి ఆమెను కఠినంగా చూడబోయాడు. ఆ ప్రయత్నం మధ్యలోనే ఆవులింతగా మారిపోయింది.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. ఒంటిగంట నుంచి రెండు దాకా అందరికీ విశ్రాంతి. పని ఆరు వరకు. నూకరాజు ఉద్యోగం ఖాయం. రెండింటికి గంట కొట్టి అందర్నీ లేపే బాధ్యత, అబద్ధమాడని మనిషికే అప్పగించాలని అధికారి నిశ్చయించాడు. కచేరీలో నిజం చెప్పినవాడు ఒక్కడే కనుక, వెతకనక్కరలేకపోయింది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం కచేరీలో మెలకువగా ఉండే ఉద్యోగి నూకరాజు ఒక్కడే.