గెస్టు గారి సొంత అనుభవం

మా అమలాపురంలో ప్రతి ఆదివారం సాయంత్రం చర్చావేదిక జరుగుతుందండి. ఒక గెస్టు తన జీవితంలో జరిగింది చెప్తారు, తర్వాత అందరూ ప్రశ్నలడుగుతారు. విన్నవీ చదివినవీ చెప్పకూడదు, సొంత అనుభవమే కావాలి. ఈ ఒక్క నియమం వల్లే నన్నెవరూ పిలవలేదు. పొద్దస్తమానం కొబ్బరికాయల కొట్టులో కూర్చునేవాడికి అనుభవాలెక్కడివి?

అలాంటిది మొన్న కాకినాడ నుంచి రావలసిన డాక్టరు గారు రానన్నారు. మా అధ్యక్షుడు శ్రీరాములు గారు నాకు ఫోన్ చేశారు. పట్టిన మైకు వదలరని ఊళ్లో ఆయన్ని మైకాసురుడంటారు.

"గంగబాబు గారూ, రేపు మీరే గెస్టండి. శాలువా కొనేశాం, వేస్టయిపోద్ది."

ఎగిరి గంతేశాను. విషయం కూడా వెంటనే తట్టింది: భార్య గల్ఫులో ఉండగా భర్త సంసారం నడిపిన విధానం. మా ఆవిడ కరుణ కువైట్‌లో ఒకరింట్లో కొన్నేళ్లు పనిచేసి వచ్చింది. అన్నాళ్లూ ఇక్కడ పాపని పెంచింది నేనే. అంటే, పాప ఉన్న ఇంట్లోనే ఉన్నాను.

"నువ్వు రాకే కరుణా, బోరు కొడుతుంది," అన్నాను.

"మీరు మాట్లాడుతుంటే బోరు కొట్టడం నాకు కొత్తేంటండీ? వస్తాను."

మీటింగులో ఒద్దికగానే మొదలుపెట్టాను. చప్పట్లు పడేసరికి నోరు అదుపు తప్పింది. పొద్దున్నే లేచి పాపకి రెండు జడలు వేసేవాణ్ణన్నాను. నేను చేపల పులుసు పెడితే వీధి వీధంతా లొట్టలేసేదన్నాను.

ప్రశ్నలనగానే మా పక్కింటి సుందరమ్మ గారు చెయ్యెత్తారు.

"ఆ పులుసు గిన్నె మాదే కదా బాబూ. ఎప్పుడిచ్చేస్తావు?"

హాలంతా ఘొల్లుమంది. ఆ నవ్వులు తగ్గకముందే కరుణ లేచింది.

"ఏవండీ, రెండు జడలకి మొత్తం ఎన్ని పాయలు తియ్యాలండీ?"

నేను తెగ ఆలోచించాను. "నాలుగు."

ఆడవాళ్లందరూ పగలబడి నవ్వారు. సుందరమ్మ గారు తల పట్టుకున్నారు.

"ఆరండీ," అంది కరుణ. "ఆ జడలేసింది సుందరమ్మ గారు. పాపే ఫోన్లో చెప్పేది. ఈయన మాత్రం ఇక్కడంతా బాగానే ఉందనేవారు. నేనూ అక్కడ బాగానే ఉందనేదాన్ని."

"బాగుండేది కాదా అమ్మా?" అంటూ శ్రీరాములు గారు మైకు ఆవిడ చేతికిచ్చారు. అది చూసి నేనే నమ్మలేకపోయాను.

"కువైట్‌లో వాళ్లింట్లో మా పాపంత పిల్లుండేదండి. రోజూ దానికి జడేసేదాన్ని. వేసి, వంటింట్లోకెళ్లి ఏడ్చేదాన్ని."

ఇంకెవరూ నవ్వలేదు. శాలువా సుందరమ్మ గారికి కప్పారు. వచ్చే ఆదివారం గెస్టు కరుణ అని ప్రకటించారు. నన్ను స్టేజీ దిగమని ఎవరూ అనలేదు, నేనే దిగాను.

ఇంటికొస్తుంటే బండి నడుపుతూ అడిగాను.

"ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేంటే?"

"మీరెప్పుడన్నా అడిగేరాండీ?"

సిగ్గుతో చచ్చిపోయాను. "ఇప్పుడు అడుగుతున్నాను కదా. చెప్పు కరుణా."

"ఆదివారం చెప్తానండి. ముందు వరసలో కూర్చుని, మధ్యలో మాట్లాడకుండా వినండి."

"ఆయ్," అన్నాను, పెద్దవాళ్లకి మావైపు 'అలాగేనండి' అన్నట్టు. పెళ్లయ్యాక మా ఆవిడతో ఆ మాట అనడం అదే మొదటిసారి.