పాపాల పుస్తకం ఉచితం

మంగళవారం పొద్దున మర్డో టల్లక్ అనుకున్నది ఇంతే: కోళ్ళకు గింజలు చల్లి, లైబ్రరీ తెరవగానే వెళ్ళి, కంప్యూటర్ ముందు కూర్చుని, తన తాతకు నాయనమ్మ అయిన గ్రిజెల్‌ను వెతికి పట్టుకుని, మధ్యాహ్నం సూపు వేళకు ఇంటికి వచ్చేయడం. స్కాట్లాండు నుంచి ఓడెక్కి వచ్చిన మనిషిని వెతకడం తప్పిపోయిన గొర్రెను వెతకడం కంటే కష్టం కాదని అతని నమ్మకం. గొర్రె కదులుతుంది. గ్రిజెల్ కదలదు.

తొందర శనివారం వల్ల వచ్చింది. ఆ రోజు కిల్‌డోనిచ్ ఫ్లాట్ అనే వాళ్ళ ఊరి పార్కులో ఊరు కట్టినవాళ్ళ స్మారక రాయిని ఆవిష్కరిస్తారు. మొదటి కుటుంబాలన్నీ స్కాట్లాండులో కిల్‌డోనిచ్ అనే ఒకే చర్చి కిందివాళ్ళు, ఒకే ఓడలో న్యూజీలాండు దక్షిణపు కొసకు దిగినవాళ్ళు. రాతి మీద వాళ్ళందరి పేర్లూ ఎక్కాయి, గ్రిజెల్ పేరు తప్ప. ఆ పేర్లలో సగం మందిని ఈ లోకంలోకి లాగినవి ఆమె చేతులే. ఊళ్ళో అప్పట్లో మంత్రసాని ఆమె ఒక్కతే.

ఊళ్ళోని స్కాట్లాండువాళ్ళ కలిడోనియన్ సంఘం అధ్యక్షుడు హామిష్ గెడ్డిస్ మీటింగులో తేల్చి చెప్పాడు. "మర్డో, నువ్వు చెప్తే సరిపోదయ్యా. ఆవిడ మన ఓడలో వచ్చిందో, తర్వాత ఏ వంటమనిషిగానో వచ్చిందో ఎవరికి తెలుసు? శుక్రవారం చెక్కేవాడొస్తాడు. ఈలోగా రుజువు తే."

మర్డో మాటల మనిషి కాదు. "ఊఁ" అని లేచి వచ్చేశాడు. ఆ రాత్రి నుంచి కుదురు లేదు. కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు.

"ఏవయ్యా, ఆ కెటిల్ ఇప్పటికి మూడుసార్లు పెట్టావు. ఒక్కసారైనా టీ కలుపుకోవేం?" అంది భార్య ఐలీన్.

స్కాట్లాండు వాళ్ళ పాత రికార్డులన్నీ ఒక వెబ్‌సైటులో ఉన్నాయి. పుట్టుకలు, పెళ్ళిళ్ళు చూడాలంటే పేజీకింత అని డబ్బు కట్టాలి. ఐలీన్ సరుకుల డబ్బులోంచి ఐదు పేజీలకు సరిపడా ఇచ్చింది. నాలుగు పేజీలు సోమవారమే అయిపోయాయి. తప్పు మర్డోది కాదు, ఆచారానిది. అక్కడ పెద్దకూతురికి అమ్మమ్మ పేరు పెట్టి తీరాలి. గ్రిజెల్ అనే అమ్మమ్మకు ఐదుగురు కూతుళ్ళుంటే ఊరికి ఐదుగురు కొత్త గ్రిజెళ్ళు తయారు. మర్డో డబ్బు పెట్టి కొన్న నలుగురిలో ఒకామె పసికందుగా పోయింది, ఇద్దరు పెళ్ళి లేకుండా ముసలివాళ్ళయ్యారు, నాలుగో ఆమె కెనడా వెళ్ళిపోయింది.

మంగళవారం లైబ్రరీలో ఐదో పేజీ ముట్టుకోవడానికి ధైర్యం చాలలేదు. అప్పుడు కంటపడింది, ఉచితంగా చూడగలిగే పుస్తకాలు కూడా ఉన్నాయని. చర్చి పెద్దల పుస్తకాలు. ఆ రోజుల్లో చర్చి పెద్దలు వారం వారం కూర్చుని, ఎవరు తాగారు, ఎవరు తిట్టుకున్నారు, పెళ్ళికి ముందే ఎవరికి కడుపొచ్చింది అని విచారించి, తప్పు చేసినవాళ్ళను జనమంతా చూస్తుండగా చర్చిలో పశ్చాత్తాపం పీట మీద కూర్చోబెట్టేవాళ్ళు. అదంతా రాసి పెట్టారు. బుద్ధిగా పుట్టి, పెళ్ళాడి, పోయినవాళ్ళ పేజీకి డబ్బు. పాపం చేసినవాళ్ళ పేజీ ఉచితం. బీదవాడికి దొరికే పూర్వీకులు ఎలాంటివాళ్ళో ఆ వెబ్‌సైటువాళ్ళే నిర్ణయించేశారు.

కిల్‌డోనిచ్ అని కొడితే వచ్చిన మొదటి పుస్తకం తెరిచాడు మర్డో. కోడికాలి రాత. గంటసేపు కళ్ళు పొడుచుకున్నాక దొరికింది: గ్రిజెల్ టల్లక్, ఆదివారం నాడు సముద్రపు నాచు ఏరినందుకు, మూడు ఆదివారాలు పీట.

మర్డో లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. ఆమె ఆ ఊళ్ళో ఉంది! పీట మీదైతేనేం, ఉంది!

లైబ్రరీ గుమ్మంలోనే ఎఫీ మన్రో ఎదురైంది. చిన్నప్పుడు ఆదివారం బడిలో మర్డోకు పాఠం చెప్పిన మనిషి. ఎనభై దాటినా గొంతు తగ్గలేదు.

"ఏరా మర్డో, మొహం వెలిగిపోతోంది. దొరికిందా మీ ముసల్ది?"

"దొరికింది."

"ఎక్కడరా?"

"చర్చి పెద్దల పుస్తకంలో. తప్పులు చేసినవాళ్ళ పుస్తకం."

ఎఫీ పకపకా నవ్వింది. "ఆహా! తగిన చోటే దొరికింది."

"మన్రోలూ ఉన్నారు. గెడ్డిస్‌లూ ఉన్నారు. అందరూ ఉన్నారు" అన్నాడు మర్డో. ఆ ఇంటిపేర్లు కనబడ్డాయని మాత్రమే అతని ఉద్దేశం. ఎవరేం చేశారో చదవలేదు. గ్రిజెల్ దొరికాక మిగతావాళ్ళతో అతనికేం పని?

ఎఫీ నవ్వు ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె చెయ్యి తిన్నగా మెడలోని గొలుసు మీదికి పోయింది.

సాయంత్రం వాన పడుతుండగా ఎఫీ తలుపు కొట్టింది. చేతిలో ఎండు ద్రాక్షల కేకు.

"చూడు నాయనా, నువ్వు చదివే ఉంటావు. మా ముత్తవ్వ పెళ్ళయిన ఐదో నెలలోనే కన్నమాట నిజమే. కానీ ఆ కుర్రాడు మంచివాడురా, పెళ్ళి చేసుకున్నాడు కదా! అది నలుగురిలో పెట్టకు."

మర్డో కేకు అందుకున్నాడు. "ఊఁ" అన్నాడు.

"ఊఁ అంటే ఏంట్రా? చెప్తాననా, చెప్పననా?"

"ఊఁ."

ఎఫీ తెల్లబోయి వెళ్ళిపోయింది. చేయని పనికి కేకు తినడం మర్డోకు నచ్చలేదు. మర్నాడు పొద్దున తీసుకెళ్ళి ఆమె గుమ్మంలో పెట్టి వచ్చాడు. కేకు చాల్లేదని తిప్పి పంపాడనుకుంది ఎఫీ. మధ్యాహ్నానికి రెండు కేకులు, ఒక ట్రే చీజ్ రోల్స్ వచ్చాయి.

ఎఫీకి తెలిసిన సంగతి ఊరికి తెలియడానికి ఒక పూట పడుతుంది, అదీ ఆమెకు జలుబు చేస్తే. బుధవారం చీకటి పడేలోగా మాంసం కొట్టు గావ్ వేట జబ్బ ఒకటి కాగితంలో చుట్టి తెచ్చాడు. వాళ్ళ పూర్వీకుడు పశువుల కొట్టంలో దొంగసారా కాచిన మాట తనే చెప్పేశాడు. "రెండో బట్టీ సంగతి కూడా ఉందా అందులో?" అని మళ్ళీ తనే అడిగాడు. ఊరి బ్యాండులో బ్యాగ్‌పైపు వాయించేవాళ్ళ ఇంటినుంచి గుడ్లు వచ్చాయి, మర్డోకు సొంత కోళ్ళుండగానే. ఆ ఇంటాయన ముత్తాత శవం ముందు వాయించాల్సింది పోయి, తాగి, శవంతోపాటే బండెక్కి పడుకున్నాడట.

"ఏవయ్యా, ఫ్రిజ్ తలుపు పడటం లేదు. అసలేం చేస్తున్నావు నువ్వు?" అంది ఐలీన్.

"ఏం చేయలేదు."

"ఏం చేయకుండానే ఇన్నొస్తే, చేస్తే ఎక్కడ పెట్టుకుంటాం?"

ఊరి గుట్లన్నీ వినలేక మర్డో కోళ్ళ గూటి వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. అక్కడికీ వచ్చారు. ఎవరి ముత్తాత ఎవరి గొర్రె చెవి కోసి గుర్తు మార్చాడో అన్నీ విన్నాడు. ప్రతిదానికీ ఊఁ అన్నాడు. ఊఁ అన్న ప్రతిసారీ చెప్పేవాళ్ళు ఇంకాస్త చెప్పారు. మాట్లాడని మనిషికి అన్నీ తెలుసనుకోవడం లోకం తీరు.

గురువారం సాయంత్రం హామిష్ గెడ్డిస్ స్వయంగా వచ్చాడు. టోపీ చేతిలో ఉంది. మామూలుగా ఆ టోపీ నిద్రలో తప్ప తీయడు.

"మర్డో, ఓడలో వచ్చిన మా పెద్దాయన చర్చి పెద్దల్లో ఒకడని ఏటా నేను ఉపన్యాసమిస్తాను. నిజమే. కానీ..." గొంతు తగ్గించాడు. "చందా పెట్టె సంగతి నువ్వు చూసుంటావు."

"లేదు" అన్నాడు మర్డో.

"అబ్బా, నా దగ్గర దాచకయ్యా! పెట్టెలో చెయ్యి పెడుతూ దొరికిపోయాడు, పెద్దరికం పీకేశారు, అందుకే ఓడెక్కాడు. మా నాన్న పోయేముందు నాకొక్కడికే చెప్పాడు. చూడు, నీకు రుజువు అక్కర్లేదు. గ్రిజెల్ పేరు చెక్కిస్తా. కింద వరసలో."

మర్డోకు కావలసింది అదే. కానీ ఉట్టినే పేరు ఎక్కించడం అతనికి నచ్చలేదు. "వద్దు. నా దగ్గర పేజీ ఉంది, శనివారం తెస్తా. అందరి ముందూ చూపిస్తా."

హామిష్ మొహం పాలిపోయింది. "మధ్య వరసలో."

"అది కాదు హామిష్, పేజీ..."

"సరే, పై వరస!"

"రుజువు లేకుండా..."

"అందరికంటే పైన! మా ఇంటిపేరు మీద! ఇంకేం కావాలయ్యా నీకు, రాయిని మీ పెరట్లో పాతమంటావా?" అని టోపీ మర్చిపోయి వెళ్ళిపోయాడు.

శుక్రవారం చెక్కేవాడు వచ్చాడు. సాయంత్రానికి గ్రిజెల్ టల్లక్ పేరు రాయి నెత్తిన కూర్చుంది. మర్డో చీకట్లో వెళ్ళి చేత్తో తడిమి వచ్చాడు.

శనివారం పొద్దున అతను కాలర్ గుండీ పెట్టుకోలేక తిప్పలు పడుతుంటే ఐలీన్ వచ్చి మంచం అంచున కూర్చుంది.

"ఒక మాట చెప్తాను, కోప్పడకు. నిన్న లైబ్రరీకి వెళ్ళి ఆ ఐదో పేజీ నేను వాడేశాను."

"దేనికి?"

"ఆ నాచు దేనికో నాకు మింగుడు పడలేదు. మీ వాళ్ళు కొండల్లో గొర్రెలు కాసుకునేవాళ్ళు. సముద్రమే ఎరగరు, ఓడ చూసి ఏడ్చారని మీ అమ్మే చెప్పేది. గొర్రెలకాపరికి ఆదివారం పూట నాచెక్కడిది? ఆ నాచు ఏరినావిడ పెళ్ళి పేజీ కొన్నాను. ఆవిడ దీవి మనిషి. పుట్టుక, పెళ్ళి, మొగుడు, అన్నీ దీవిలోవే."

మర్డో గుండీ వదిలేశాడు.

"కిల్‌డోనిచ్‌లు రెండున్నాయయ్యా. ఒక సాధువు ఆగిన చోటల్లా ఆయన పేరుతో చర్చి కట్టారట. ఒకటి దీవిలో ఉంది, ఇంకోటి కొండల్లో ఉంది. మనవాళ్ళది కొండల్లోది. నువ్వు చదివింది దీవి పుస్తకం. మన చర్చి పుస్తకం ఎప్పుడో మంటల్లో కాలిపోయిందని అక్కడే రాసుంది. మనవాళ్ళ గురించి ఒక్క ముక్క మిగల్లేదు. మంచీ లేదు, చెడూ లేదు."

మర్డో పార్కుకు పరుగులాంటి నడకతో వెళ్ళాడు. బ్యాండువాళ్ళు పైపులు సరిచేసుకుంటున్నారు. హామిష్ రాయి పక్కన ఉపన్యాసం కాగితం పట్టుకుని నిలబడ్డాడు. మర్డో అతన్ని చెట్ల వెనక్కి లాక్కుపోయి, బతుకులో ఎప్పుడూ మాట్లాడనంత మాట్లాడాడు. దీవి, కొండ, నాచు, మంటలు, అన్నీ చెప్పాడు.

హామిష్ ఉపన్యాసం కాగితం మడిచాడు. "అంటే మా పెద్దాయన అందులో లేడా?"

"లేడు."

"చందా పెట్టె?"

"లేదు. నువ్వు చెప్పిందే."

"ఎఫీ వాళ్ళ ముత్తవ్వ? గావ్ వాళ్ళ సారా?"

"వాళ్ళు చెప్పిందే."

హామిష్ చెట్టుకు చేరగిలబడ్డాడు. "వంద మైళ్ళ దూరంలో నాచు ఏరుకునేవాళ్ళ పుస్తకం చూసి, నా నోటితో నేనే..."

"పేరు తీసేయించు హామిష్. రుజువు లేదు. అందరికీ నేనే చెప్తాను." అన్నాడు మర్డో. రాయి నెత్తిన గ్రిజెల్ పేరు ఎండలో మెరుస్తోంది.

"చెప్తావా?" హామిష్ అతని కోటు పట్టుకున్నాడు. "నీకు మతి గానీ పోయిందా? ఆ పుస్తకం ఉత్తదని తెలిస్తే, ఊరికే ఎందుకు చెప్పుకున్నామని ఊరంతా నిన్ను తంతుంది. ఆ తర్వాత, అధ్యక్షుడు ఏం చెప్పాడని అడుగుతుంది. ఆ రాయి మీద ఒక్క అక్షరం కదిలిందంటే ఊరుకోను!"

"రుజువు మరి?"

"రుజువు అడిగిన వెధవెవడయ్యా?"

"నువ్వే."

హామిష్ అది వినిపించుకోలేదు. పైపులు మొదలయ్యాయి. అతను కోటు సర్దుకుని జనం ముందుకు వెళ్ళాడు.

ఉపన్యాసంలో గ్రిజెల్ టల్లక్ ప్రస్తావన పావుగంట నడిచింది. ఆమె ఆ ఓడలో ఏ మూల కూర్చుందో, ఏ చేతిలో మూట పట్టుకుందో కూడా అందులో తేలిపోయింది.