తులసి టోకెన్ లేకుండా తాగిన తీర్థం

సృష్టికి మూలం శివశక్తులన్నది శాస్త్రం. అంతకన్నా ముందు టోకెన్ ఉండాలన్నది శివాలయం వారి సంతాన అభిషేక సమన్వయ విభాగం. లింగం అయ్యవారనీ, దాన్ని చుట్టుకున్న పానవట్టం అమ్మవారనీ, ఇద్దరూ కలిస్తేనే లోకమనీ నిబంధనావళి మొదటి పేజీలోనే ఒప్పుకున్నారు. (రెండో పేజీ నుంచి ఎవరూ ఎవరినీ కలవడానికి వీల్లేదు.)

తులసికి పెళ్లయి తొమ్మిదేళ్లు. సముద్రం మీద వేటకెళ్లే మొగుడు కొండబాబు మంచివాడే, వలా మంచిదే, కడుపు మాత్రం పండలేదు. లింగం మీద పోసిన నీళ్లు పానవట్టం మూతిలోంచి జారి, గర్భగుడి గోడకున్న తూములోంచి బయటికొస్తాయి. వాటిని దోసిట పట్టి తాగిన ఆడది తల్లవుతుందని వాళ్ల పేటలో ముసలీ ముతకా అందరిదీ ఒకటే మాట. తులసికి ఆ గుక్కెడు నీళ్లు కావాలి. అంతే.

అభిషేకం టోకెన్ కోసం విభాగం వారి యాప్ తెరిస్తే మొదటి గడి: 'బిడ్డ ఆధార్ సంఖ్య (తప్పనిసరి)'.

ఆఫీసుకెళ్లింది. పొందూరు ఖద్దరు చొక్కా నలగకుండా కూర్చున్న పర్యవేక్షకుడు గంగరాజు ఓపిగ్గా విన్నాడు.

"పిల్లలుంటే మీ కాడికెందుకొత్తాం బాబూ?" అంది తులసి.

"అది మీ ఇంటి సంగతమ్మా. పిల్లల్లేనివాళ్లు సంతాన పథకాన్ని దుర్వినియోగం చేయకుండా పెట్టిన గడి అది."

పక్కింటి యమున జాలిపడింది. "నా సిన్నోడి నంబరు కొట్టేయే. నలుగురున్నారు, ఒక్కడైనా ఒకరికి పనికిరావాలి గదా."

కొట్టారు. మరుక్షణం యమున ఫోన్‌కి సందేశం: 'అభినందనలు. మీ అయిదో కాన్పు నిమిత్తం అభిషేకం సోమవారం ఉదయం 7.10కి ఖరారైంది.' నాలుగోవాడు పుట్టగానే ఆపరేషన్ చేయించుకున్న యమున చేపలబుట్ట మీద కూలబడింది. రద్దు చేద్దామంటే మొగుడి అంగీకారపత్రం, ఆపరేషన్ చేసిన డాక్టరు క్షమాపణపత్రం జతచేయమంది యాప్.

సోమవారం పొద్దున గర్భగుడి లోపల యమున, "సామీ, నాకొద్దు, దానికియ్యి" అని గట్టిగా చెబుతూ బిందెడు నీళ్లూ పోసింది. గోడకివతల తులసి తూము కింద దోసిలి పట్టింది. నీళ్లు చల్లగా, విభూతి వాసనతో వచ్చాయి. మోచేతుల దాకా కారుతున్నా వదలకుండా తాగింది. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయామెకు.

వెనకనుంచి గంగరాజు దగ్గాడు. "ఆ తీర్థం యమున గారి పేరిట మంజూరైంది. తిరిగిచ్చేయండి."

"తాగేసినాను బాబూ."

అలాంటప్పుడు ఏం చెయ్యాలో కూడా నిబంధన ఉంది. గంగరాజు అక్కడే కాగితం మోకాలి మీద పెట్టుకుని నోటీసు రాశాడు: 'టోకెన్ లేకుండా తీర్థం సేవించిన శ్రీమతి తులసి, తనకు తొమ్మిది నెలల పది రోజులలో కలగబోవు సంతానమును అసలు లబ్ధిదారు యమునకు అప్పగించవలెను.'

తులసి రెండుసార్లు చదువుకుంది. తనకు బిడ్డ పుడుతుందని ఇన్నేళ్లలో కాగితం మీద రాసిచ్చిన మనిషి ఇతనొక్కడే. పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టింది.