సూపర్‌వైజరుగారు మూడుసార్లు చూసిన సినిమా

తెరమీద నెత్తురు ఎంత కారితే చూసేవాడి మనసు అంత శుభ్రపడుతుంది!

నవ్వకండి. ఇది లాండ్రీ సూపర్‌వైజరుగారు స్వానుభవంతో తేల్చిన సంగతి. బానిసల తిరుగుబాటు మీద వచ్చిన కొత్త సినిమాని ఆయన వారంలో మూడుసార్లు చూశారు. మొదటిసారి వెంట వెళ్లిన భార్య, దొరగారి చెవి తెగి సూప్‌ గిన్నెలో పడగానే లేచి ఇంటికొచ్చేసింది. ఆయన మాత్రం ఈల వేశారు.

ఎందుకు వెయ్యరు? అందులో బానిస కొరడా లాక్కుని దొరని ఉతికి ఆరేస్తాడు. ఉతకడం విలువ లాండ్రీవాళ్లకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పైగా తూటాకొక జోకు! బానిసత్వం గురించి లావుపాటి పుస్తకాలు చదివి ఏడ్చే బదులు, రెండున్నర గంటలు పాప్‌కార్న్ నములుతూ న్యాయం జరిపించేసుకోవచ్చు.

ఇంత మంచి విషయం ఒక్కరే దాచుకోవడం ఆయన స్వభావం కాదు. ఉతికిన తువ్వాళ్లు మడతపెట్టే గదిలో, తన రివాల్వింగ్ చైర్లో అటూ ఇటూ తిరుగుతూ కథంతా చెప్పారు. మడతపెట్టే ఆడవాళ్లు ఆరుగురూ నిలబడి విన్నారు. ఆ గదిలో ఆయనది తప్ప ఇంకో కుర్చీ లేదు. కూర్చుంటే చేతులు బద్ధకిస్తాయని ఆయనే తీయించేశారు. ఆరుగురిలో పెద్దావిణ్ణి అందరూ పెద్దక్క అంటారు. ఆవిడ మోకాళ్లకి పట్టీలు కట్టుకుని పనిచేస్తుంది. ఆ సినిమా చూడనివాళ్లు మనుషులే కారని ఆయన ఆవిడతో పదేపదే చెప్పారు.

ఆదివారం ఆరుగురూ కలిసి వెళ్లి చూశారు.

సోమవారం ఆయన వచ్చేసరికి, స్టోర్‌రూమ్‌లో ఉండాల్సిన పొడవాటి బెంచీ, తువ్వాళ్లు మడతపెట్టే టేబుల్ ముందుంది. ఆరుగురూ దానిమీద కూర్చుని తువ్వాళ్లు మడతపెడుతున్నారు.

"ఇదేంటి పెద్దక్కా?"

"సినిమా బాగుంది సార్," అంది పెద్దక్క పని ఆపకుండా. "అందులో కూర్చున్నది దొర ఒక్కడే. మిగతావాళ్లంతా నిలబడే ఉన్నారు. నాకదే పట్టుకుంది."

సినిమాని సినిమాలా చూడాలని, మన లాండ్రీకీ సినిమాలో బానిసలు చాకిరీ చేసే తోటలకీ పోలికే లేదని, బానిసలకి ఆదివారం సెలవు ఎక్కడిదని ఆయన తన కుర్చీలో తిరుగుతూ ఓపిగ్గా నచ్చజెప్పారు. వాళ్లూ ఓపిగ్గానే విన్నారు. కూర్చునే విన్నారు.

అంతలో ఓనరుగారు వచ్చారు. సూపర్‌వైజరుగారి కాళ్లు ఆయన్ని అడక్కుండానే లేచి నిలబడ్డాయి. వెనకాల కుర్చీ ఇంకా తిరుగుతూనే ఉంది.

వీళ్లని కూర్చోమన్నది ఎవరని ఓనరుగారు అడిగారు. ఏదో సినిమా చూసొచ్చారని సూపర్‌వైజరుగారు గొణిగారు. ఏం సినిమా అని మళ్లీ ప్రశ్న.

"తెలీదు సార్. నేను చూడలేదు."

ఆరు జతల చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ మడతల్లో పడ్డాయి. ఎవరైనా ఒక మాట అనుంటే ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేదేమో!

బెంచీ తీయించెయ్యమని చెప్పి ఓనరుగారు వెళ్లిపోయారు. సూపర్‌వైజరుగారు ఒక చివర పట్టుకుని ఎత్తబోయారు. ఆరుగురు కూర్చున్న బెంచీ అంగుళం కూడా లేవలేదు.

"ఒక్కరివల్ల కాదు సార్," అంది పెద్దక్క, నెమ్మదిగానే. "రెండో వైపు పట్టడానికి ఇంకెవర్నైనా పిలవండి."

ఆయన గుమ్మంలోకి వెళ్లి, వాషింగ్ మెషీన్ల దగ్గర నిలబడి పనిచేస్తున్న వాళ్లందర్నీ కేకేశారు. అందరూ వచ్చారు. బెంచీని చూశారు. దానిమీద కూర్చున్నవాళ్లని చూశారు. తర్వాత ఒక్కొక్కరే స్టోర్‌రూమ్ వైపు నడిచారు, అక్కడ ఇంకో బెంచీ ఉందేమో చూడటానికి.