అయిదో బల్ల దగ్గర చల్లని చెయ్యి

ఆ పొద్దున స్వాంట్యె వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక బన్ను తినాలి, డిసెక్షన్ హాల్లో మాల్టె వెనక నిలబడాలి, కళ్ళు గట్టిగా మూసుకోవాలి. మాల్టె చేపల పడవవాళ్ళ అబ్బాయి, గోడలాంటి మనిషి. ఆ గోడ చాటున మొదటి రోజు గడిస్తే సరి, లేదంటే సాయంత్రమే మెడికల్ సీటు వదిలేయడం. ఆ సీటు కోసం వృద్ధాశ్రమంలో పక్కలు సర్దుతూ ఆరేళ్ళు కాచుకుంది పిచ్చిది. అక్కడ కూడా ఎవరైనా పోతే ఏదో వంక పెట్టి వంటింట్లో దూరేదే గాని, ఆ గదిలో అడుగు పెట్టేది కాదు.

"భయమా?" అన్నాడు మాల్టె మెట్ల మీద.

"నీకు లేదేంట్రా?"

"నాకా? పుట్టినప్పట్నించీ చేపల పేగులు తీసిన చేతులివి. నా వెనకే ఉండు, పడితే పట్టుకుంటా."

లోపల శవాలు పాడవకుండా వాడే మందు వాసన గొంతులో గుచ్చుకుంది. అయిదో బల్ల మీద తెల్ల దుప్పటి కింద ఒక ముసలావిడ. ప్రొఫెసర్ ఆలర్స్ నాలుగే మాటలు చెప్పింది. "ఈ బల్లల మీదున్న వీళ్ళంతా మీ తప్పులు భరిస్తామని బతికుండగానే ఒప్పుకుని వచ్చినవాళ్ళు. అది గుర్తుంచుకోండి."

పాఠం అయ్యాక చప్పట్లు కొట్టడం ఆ దేశపు కాలేజీల్లో లేదు. వేళ్ళ కణుపులతో డెస్కు మీద టకటకమని కొడతారు. పిల్లలకు అది అప్పుడే అలవాటైపోయింది. హాల్లో డెస్కులేవీ? చేతికందిన స్టీలు బల్లలనే టకటకలాడించారు.

కళ్ళు మూసుకున్న స్వాంట్యెకు ఆ చప్పుడు తిన్నగా దుప్పటి కిందనుంచే వచ్చింది.

"అమ్మో! తలుపు కొట్టినట్టు కొడుతోంది! బతికే ఉంది!"

నాలుగో బల్ల అమ్మాయి నెమ్మదిగా నేలకు జారింది. ఆమెను పట్టుకోబోయినవాడు బకెట్టు తన్ని తనూ పడ్డాడు. బకెట్టు మోతకు ఆరో బల్లవాళ్ళు తలుపు మీద పడ్డారు. అది లోపలికి తెరుచుకునే తలుపు, అందరూ బయటికి తోస్తున్నారు. ఎవడో బుద్ధిమంతుడు అంబులెన్సుకు ఫోన్ చేశాడు. "త్వరగా రండి, ఆవిడింకా బతికే ఉందట!"

స్వాంట్యె కళ్ళు తెరవలేదు. తడుముకుంటుంటే ఒక చెయ్యి దొరికింది, గట్టిగా పట్టేసుకుంది.

"నన్ను వదలకురా మాల్టె... అయ్యో, నీ చెయ్యేంటి ఇంత చల్లగా ఉంది? నీకూ భయమేనా? పర్లేదులే, నేనున్నాగా." ఆశ్రమంలో పెద్దవాళ్ళకు చేసినట్టే ఆ చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. ధైర్యం చెబుతూ చెబుతూ తన వణుకు ఎప్పుడు తగ్గిందో ఆమెకే తెలియదు.

"స్వాంట్యె..." తన పాదాల దగ్గర్నుంచి మాల్టె మూలుగు వినబడింది. "నా కాళ్ళు కాస్త పైకెత్తవే..."

కళ్ళు తెరిచింది. మాల్టె నేల మీదున్నాడు. ఆమె చేతిలో ఉన్నది ముసలావిడ చెయ్యి.

అయినా వదల్లేదు. బొటనవేలి మీద కత్తెర పట్టి పట్టి కాసిన కాయ కనిపించింది. ఎంతమందికి బట్టలు కుట్టిందో మహాతల్లి! స్వాంట్యెకు ఏడుపొచ్చింది. "మీ ముందు ఇంత గొడవ చేశాం, ఏమనుకోకండమ్మా" అంటూ ఆ చేతిని మెల్లగా దుప్పటి కింద పెట్టి, మాల్టె కాళ్ళు స్టూలు మీదకెత్తింది.

అంబులెన్సువాళ్ళు ఉరుక్కుంటూ వచ్చారు. "ఎక్కడ? ఆ బతికున్నావిడ ఎక్కడ?"

"నేనేనండీ అరిచింది," అంది స్వాంట్యె ప్రొఫెసర్‌తో. "సీటు వదిలేస్తాను. నాలాంటిది దీనికి పనికిరాదు."

"ఆ చెయ్యి ఎంతసేపు పట్టుకున్నావు?"

"పది నిమిషాలేమో."

"పట్టుకోడానికే కొందరికి రెండు వారాలు పడుతుందమ్మాయ్. రేపు తొమ్మిదింటికల్లా వచ్చెయ్. ముందెళ్ళి ఏమైనా తిను. ఈ వాసనకి అందరికీ ఆకలి దంచేస్తుంది, సిగ్గుపడకు."

అంబులెన్సువాళ్ళు రిపోర్టు రాసిచ్చి వెళ్ళారు: "స్పృహ తప్పినవారు ఏడుగురు. అయిదో బల్ల మీది ఎనిమిదో ఆవిడ పరిస్థితి నిలకడగా ఉంది."