పద్దెనిమిది అడుగుల లోతున ఆసుపత్రి

ఆ జిల్లాలో కాగితాల మీద పూర్తయిన ప్రభుత్వ భవనాలన్నీ నేల లోపల ఉంటాయి గనుక, ఏది ఎక్కడుందో విని చెప్పడానికి ప్రభుత్వం పన్నెండు మంది ధ్వని పరిశీలకులను నియమించింది. వాళ్లలో దీవెనమ్మ ఒకతె. నలభై ఆరేళ్ల మనిషి. అంతకుముందు ఇరవై ఏళ్లు తోపుడుబండి మీద ఊరూరా తిరిగి పాత ఇనుము కొంది. కళ్లు మూసుకుని ఒక్క దెబ్బ కొడితే చాలు, ఇది ఇత్తడి, ఇది సత్తు, ఇది పోత ఇనుము అని చెప్పేసేది. ఇంటర్వ్యూలో అధికారి బల్ల కింద ఏదో తట్టి, ఏమిటని అడిగాడు. "కంచు కాదయ్యా, కంచు రంగేసిన రేకు" అంది. అది ఆయనకు ఉత్తమ సేవలకుగాను ఇచ్చిన జ్ఞాపిక. అయినా ఉద్యోగం ఇచ్చారు.

పని నేర్పే బాధ్యత సీనియర్ పరిశీలకుడు షేక్ మస్తాన్‌వలిది. ఉత్తర్వుల్లో ఆ పరికరం పేరు లోహశోధిని. అందరూ మిషను అనేవాళ్లు. పొడుగాటి కర్ర, దాని చివర పళ్లెం లాంటి చక్రం, చెవులకు తగిలించుకోవడానికి హెడ్‌ఫోన్లు.

"పైకి లేపబాకమ్మే. ఇల్లు అలికినట్టు నేలకి ఆనించి తిప్పు" అన్నాడు మొదటి రోజు.

ఇనుము లోగొంతుతో గొణుగుతుంది. రాగి, ఇత్తడి సన్నగా పైకి పాడతాయి. సోడా మూతలూ సిగరెట్ పెట్టెల రేకు కాగితాలూ మధ్యస్థాయిలో చిటపటలాడి మోసం చేస్తాయి. ఇంత తేడా దీవెనమ్మకు రెండు రోజుల్లో పట్టుబడింది. కష్టమంతా భవనాలతోనే. బస్ షెల్టర్ ఒక్కసారి మొరిగి ఊరుకుంటుంది. వంతెన మనం నడిచినంతసేపూ మూలుగుతూనే ఉంటుంది. బడి అయితే బెంచీల గొణుగుడు మీద గంట సన్నగా తేలుతుంది. ఆసుపత్రినీ కల్యాణమండపాన్నీ వేరుచేయడానికి మాత్రం ఆమెకు నెల పట్టింది. రెండింట్లోనూ స్టీలు సామానే.

"మండపంలో గిన్నెలన్నీ ఒక్కపెట్టున మోగుతాయి. ఆసుపత్రిలో ఒకటి మోగి, ఆగి, చాలాసేపటికి ఇంకోటి మోగిద్ది. లోపల జనం ఎదురుచూస్తా ఉంటారు గదా" అని మస్తాన్‌వలి చెప్పాక ఆమె మళ్లీ పొరబడలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం చివర్న చెప్పాడు. అడ్డంగా తిప్పితే వచ్చిన కూత నిలువుగా తిప్పినా రావాలి. రాలేదా, అది చెత్త. మేకులో, మూతలో.

గుర్తించిన భవనం మీద బోర్డు పాతి ప్రజల వాడకానికి అప్పగించేవారు. ఒక ఊళ్లో పిల్లలు బడి పైన కూర్చుని అక్షరాలు దిద్దుకుంటున్నారు, హాజరు మాత్రం లోపల పడుతోంది. ఇంకో ఊళ్లో వంతెన నేల కింద దొరికింది కాబట్టి, జనం వాగులో మొలలోతు నీళ్లలో నడుస్తూనే వంతెన దాటుతున్నారు. ఎవరికీ ఇబ్బంది లేదని నివేదికలు వచ్చాయి.

ఆగస్టు జాబితాలో రేగుచెట్లపాలెం పేరు వచ్చింది. అది దీవెనమ్మ పుట్టిన ఊరు. ఆరు పడకల ఆసుపత్రి అక్కడ పూర్తయి పదకొండేళ్లయిందని రికార్డు. ఆ ఆసుపత్రి కోసం ఊరు ఎన్ని అర్జీలు పెట్టుకుందో లెక్కలేదు. ఆమె అక్క రెండో కాన్పుకి నలభై కిలోమీటర్ల దూరంలోని పట్నానికి ఆటోలో వెళ్తూ దారిలోనే పోయింది. అక్క కూతురు రిబ్కాని దీవెనమ్మే పెంచి, ఆ ఊళ్లోనే పెళ్లి చేసింది. రిబ్కాకి ఇప్పుడు నెలలు నిండాయి.

ఊరంతా పొలం గట్టు మీద నిలబడి చూస్తుండగా దీవెనమ్మ మిషను తిప్పింది. అడ్డంగా తిప్పితే మంచాలు వినిపించాయి. ఒక్కొక్కటిగా ఆరు. వాటి మీద ట్రే ఒకటి సన్నగా మోగింది. ఆగింది. చాలాసేపటికి ఇంకోటి మోగింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని నిలువుగా తిప్పింది. చిటపటలు. ఇంకోసారి తిప్పింది. మళ్లీ చిటపటలే.

హెడ్‌ఫోన్లు మస్తాన్‌వలికి ఇచ్చింది. ఆయన విని తల దించుకున్నాడు.

"మస్తానన్నా, లేదని రాయడానికి గడి ఏది?"

ఫారంలో మూడు గడులున్నాయి: ఉంది, లోతుగా ఉంది, చాలా లోతుగా ఉంది.

"ఆ గడే ఉంటే ఎనిమిదేళ్లలో నేను ఒక్కసారన్నా నింపుండేవాణ్ణి కాదా?" అన్నాడు మెల్లగా. "అడ్డంగా వినపడిందిగా. అడ్డంగా ఉంటది. రాయి."

ఫారం ఖాళీగా పంపితే ఊరు సర్వే కాని జాబితాలోకి పోతుంది. మళ్లీ వంతు రావడానికి తొమ్మిదేళ్లు. దీవెనమ్మ కలం పట్టుకుని నిలబడిపోయింది. రిబ్కా నడుము మీద చెయ్యి ఆనించుకుని, గట్టు దిగి నెమ్మదిగా దగ్గరికొచ్చింది.

"ఉండాదా చిన్నమ్మా?"

ఆ ముఖంలోకి చూసి దీవెనమ్మ లేదనలేకపోయింది. "ఉండాది" అంది. పద్దెనిమిది అడుగులు, లోతుగా ఉంది అని రాసింది.

ఊరు చప్పట్లు కొట్టింది. ఇన్నాళ్లూ కాంట్రాక్టరును అన్యాయంగా అనుమానించినందుకు నూట పన్నెండు మంది వేలిముద్రలతో క్షమాపణ పత్రం రాసిచ్చారు. వారంలో బోర్డు వచ్చింది. సొంత ఆసుపత్రి ఉన్న ఊరు కాబట్టి అంబులెన్సు వచ్చే ఊళ్ల జాబితాలోంచి రేగుచెట్లపాలెం పేరు కొట్టేశారు.

మంగళవారం పొద్దున పదింటికి రిబ్కాకి నొప్పులు మొదలయ్యాయి. ఓపీ వేళ కావడం అదృష్టమన్నారు. కాన్పుల గది సరిగ్గా ఎక్కడొస్తుందో దీవెనమ్మ చూపించిన చోట పట్టా పరిచి పడుకోబెట్టారు. చుట్టూ చీరలు కట్టారు. సంతోషమ్మ అనే ముసలామె చేతులు కడుక్కుని కూర్చుంది. లోపల డాక్టరు ఉన్నారు గనుక ఆమెకు పనేమీ లేదని ఆశా వర్కర్ చెప్పింది గానీ ముసలామె వినిపించుకోలేదు.

మధ్యాహ్నం దాటినా బిడ్డ రాలేదు. రిబ్కా పెదవులు తెల్లబడ్డాయి.

"చిన్నమ్మా, డాక్టరమ్మ వచ్చిందేమో విను."

దీవెనమ్మ హెడ్‌ఫోన్లు పెట్టుకుని అడ్డంగా మాత్రమే తిప్పింది. "వచ్చిందమ్మా. చేతులు కడుక్కుంటంది."

"ఏమంటంది?"

"భయం లేదంట. ఇంకొక్కసారి గట్టిగా ముక్కమంటంది."

మూడింటికి ఆడపిల్ల పుట్టింది. సంతోషమ్మ బొడ్డు కోసింది. నెత్తురు ఆగడానికి ఇంకో గంట పట్టింది. ఆ గంటసేపూ దీవెనమ్మ మిషను పక్కన పడేసి, రిబ్కా తలను ఒళ్లో పెట్టుకుని, వచ్చిన ప్రార్థనలన్నీ కలిపి చదివింది. తల్లీబిడ్డా బతికారు. జనన ధ్రువపత్రంలో, వైద్యుల పర్యవేక్షణలో సుఖప్రసవం, రేగుచెట్లపాలెం ఆసుపత్రి, లోతు పద్దెనిమిది అడుగులు అని వచ్చింది.

నెలన్నరకు టీకాలమ్మ వచ్చింది. రిజిస్టరు చూసి, రిబ్కా బిడ్డకు లోపలే వేసేశారంది.

"మరి ఈ పిల్లకి?" అంది రిబ్కా, ఒళ్లోని బిడ్డను చూపిస్తూ.

"ఈ పాప రికార్డులో లేదమ్మా. పుట్టిన పాప కింద ఉంది" అంది టీకాలమ్మ. ఆ మాట చెప్పడానికి ఆమెకూ మనసొప్పలేదు. తన బాటిల్లోని నీళ్లు రిబ్కాకి ఇచ్చి వెళ్లింది.

అంగన్‌వాడీ గుడ్డూ పాలూ కూడా లోపలి పాపకే అందుతున్నాయి. దీవెనమ్మ ఆఫీసుకి మూడుసార్లు తిరిగింది. మస్తాన్‌వలి అప్పటికే రిటైరయ్యాడు. తాను రాసింది తప్పని, నిలువుగా తిప్పితే ఏమీ వినపడలేదని చెప్పింది. సూపరింటెండెంటు ఆమెను కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"లోపల ఆరుగురు రోగులున్నారు దీవెనమ్మగారూ. నెలల పాప ఉంది. ఆసుపత్రి లేదంటే వాళ్లందరినీ ఏం చేద్దాం, మీరే చెప్పండి" అన్నాడు.

ఆమె గ్లాసు అందుకుంది. టీ తాగి వచ్చేసింది.

అప్పటినుంచి ప్రతి నెలా మొదటి శనివారం దీవెనమ్మ మిషను తీసుకుని రేగుచెట్లపాలెం వెళ్తుంది. బోర్డు దగ్గర రిబ్కా ముందే వచ్చి నిలబడి ఉంటుంది. మొన్న వెళ్లినప్పుడు దీవెనమ్మ చాలాసేపు విన్నది.

"ఎట్టుంది చిన్నమ్మా?"

"బాగుంది. ఈ నెల ఒళ్లు చేసింది. బోర్లా పడతంది."

రిబ్కా ముఖం విప్పారింది. "పోన్లే, అదన్నా బాగుంటే చాలు" అని, ఏడ్చే ఓపిక లేక కునుకుతున్న పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని ఇంటిదారి పట్టింది.